చమురు లెక్క తేల్చిన ఆచార్యుడు

సాయంకాలమున ఊరికి చేరు బస్సు, పొలమునకు నీరు తోడు యంత్రము, సముద్రమున చేపలు పట్టు మరపడవ, సరకులు మోయు లారీ — ఇవి అన్నియు చమురుతో నడచుచున్నవి. ఎక్కడనో వేలమైళ్ల దూరమున, పారసీక సింధుశాఖ తీరమున ఒక కలహము పుట్టినదన్న వార్త వినబడగానే, మన యూరిలో పెట్రోలు ధర పెరుగునేమో యని పెద్దలు చింతింతురు. ఆ చింత నిరాధారమైనది కాదు. కాని చింతించుట వేరు, విషయమును తెలిసికొనుట వేరు. భూగర్భమున చమురు నిజముగా అంతరించిపోవుచున్నదా? ఒక దేశము కోపించి, ‘నీకు చమురు అమ్మను’ అన్నచో, రెండవ దేశపు బండ్లు నిలిచిపోవునా? అట్టి ఆపద రాకముందే వివేకవంతులు చేయదగిన పని యేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటలో తన జీవితమున అధికభాగమును గడపిన ఆచార్యు డొకడు అమెరికాలో నుండెను. ఆయన పేరు మోరిస్ అడెల్మన్.

అడెల్మన్ 1917వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జన్మించెను. ఆ నగరమునందలి సిటీ కళాశాలలో చదివి 1938లో పట్టము పొందెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళమున పనిచేసెను. యుద్ధానంతరము హార్వర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమును అభ్యసించి, 1948లో డాక్టరు పట్టము నందెను. అదే సంవత్సరమున మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఉపాధ్యాయుడుగా ప్రవేశించి, ఉద్యోగవిరమణ చేయువరకు అచ్చటనే బోధించెను. విరమణానంతరము కూడ గ్రంథములు వ్రాయుట మానలేదు. 2014వ సంవత్సరమున, తొంబదియారేండ్ల వయస్సున, ఆయన పరమపదించెను.

ఆయన మొదట పరిశోధించిన విషయము చమురు కాదు; కిరాణా అంగళ్లు. ఆ దినములలో అమెరికాలో వేలకొలది శాఖలు గల కిరాణా వ్యాపారసంస్థ యొకటి యుండెను. అది చవుకగా కొని చవుకగా అమ్మి చిన్న వర్తకులను దెబ్బతీయుచున్నదని ప్రభుత్వము దానిపై అభియోగము తెచ్చెను. న్యాయస్థానము ఆ సంస్థను దోషిగా నిర్ణయించెను. అడెల్మన్ ఆ వ్యవహారమునకు సంబంధించిన లెక్కలను, పత్రములను శ్రద్ధగా చదివెను. సరకు ఎంతకు కొన్నారు, దానిని తెచ్చి అమ్ముటకు ఎంత ఖర్చయినది, ఎంతకు అమ్మినారు అను మూడు సంగతులు తెలిసిననే గాని ఒకరి నేరము నిర్ణయింపరాదని ఆయన భావించెను. అట్లు లెక్కించి చూడగా, జనులకు చవుకగా సరకు లభించుటయే తప్ప ఆరోపించినంత నేరము ఆయనకు కనబడలేదు. ఈ పరిశోధన 1959లో గ్రంథరూపమున వెలువడెను. దానివలన ఆయనకు ఒక అలవాటు ఏర్పడెను. ఎవరైనను ‘కొరత’ అని గాని, ‘అన్యాయము’ అని గాని ఆక్రోశించినచో, ముందుగా ‘ఖర్చు ఎంత?’ అని అడుగుట ఆ అలవాటు. ఈ చిన్న ప్రశ్నయే తరువాత ఆయనను చమురుబావులకడకు నడిపించెను.

చమురు వ్యాపారమును గూర్చి కొంచెము తెలిసికొన్నగాని ఆయన చేసిన పని బోధపడదు. ముడిచమురును వర్తకులు పీపాలలో లెక్కింతురు. దీనినే బారెలు అందురు. ఒక పీపా అనగా సుమారు 159 లీటర్లు. ఇరువదవ శతాబ్దపు పూర్వభాగమున ఇరాను, ఇరాకు, కువైటు, సౌదీ అరేబియా మొదలగు దేశములలో చమురు బయటపడెను. దానిని త్రవ్వి, ఓడలకెక్కించి, శుద్ధిచేసి, అమ్ము వ్యాపారము చాలవరకు ఏడు మహాసంస్థల చేతిలో నుండెను. అవి అమెరికా, ఇంగ్లండు, హాలండు దేశములకు చెందినవి. చమురు ఎవరి నేలలో పుట్టినదో ఆ దేశములకు చాలకాలము స్వల్పభాగమే దక్కెను. ధర నిర్ణయించు అధికారము కూడ వారికి లేకుండెను. ‘మా నేలలోని సంపదకు వెల కట్టువారు పరులా?’ అని ఆ దేశములవారు బాధపడుటలో న్యాయము లేకపోలేదు. 1960వ సంవత్సరము సెప్టెంబరులో ఇరాను, ఇరాకు, కువైటు, సౌదీ అరేబియా, వెనిజులా దేశముల ప్రతినిధులు బాగ్దాదు నగరమున సమావేశమై ఒక సంఘమును స్థాపించుకొనిరి. దానికే ఒపెక్ అని పేరు.

ఆ కాలముననే అడెల్మన్ తన పాత ప్రశ్నను చేతబట్టుకొని ఈ రంగమున ప్రవేశించెను. ఒక పీపా చమురును నేలనుండి పైకి తెచ్చుటకు నిజముగా ఎంత ఖర్చగును? వినుటకు తేలికయైన ఈ ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకునది కాదు. సంస్థలు తమ లెక్కలను బయటపెట్టవు. కావున ఆయన ఎన్ని బావులు త్రవ్వబడినవి, ఒక్కొక్క బావి త్రవ్వుటకు ఎంత ధనము పట్టెను, ఏ బావి దినమునకు ఎన్ని పీపాలు ఇచ్చుచున్నది, ఎంతకాలమునకు దాని ధార తగ్గును అను వివరములను అనేక సంవత్సరములపాటు ప్రోగుచేసెను. ఆ లెక్కలలో ఒక విచిత్రము కనబడెను. అమెరికాలో ఆనాడు ఒక బావి సగటున దినమునకు ఇరువది పీపాలైన ఇచ్చుట లేదు. పారసీక సింధుశాఖ ప్రాంతమునందలి బావులో, ఒక్కొక్కటి దినమునకు వేల పీపాల చమురు నిచ్చుచుండెను. కాబట్టి అచ్చట ఒక పీపా చమురును పైకి తెచ్చుటకగు వ్యయము ఇరువది సెంట్లకు మించదని ఆయన తేల్చెను. అదే చమురు అంగడిలో డాలరునకు పైగా పలుకుచుండెను. ఒక డాలరు నూరు సెంట్లు. వ్యయమునకును వెలకును నడుమ ఎంత దూరమున్నదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఆయన పరిశోధన ‘ప్రపంచపు పెట్రోలియము విపణి’ అను అర్థమిచ్చు పేరుతో 1972లో ఒక పెద్ద గ్రంథముగా వెలువడెను.

ఈ లెక్కవలన తెలిసినదేమి? ఒక పల్లెటూరి బావిని తలచుకొన్నచో విషయము స్పష్టమగును. బావిలో నీరు అడుగంటుచున్నప్పుడు కడవను తోడుటకు పట్టు శ్రమ నానాటికి పెరుగును; చేంతాడు పొడవు పెంచవలసివచ్చును; ఒక కడవ నిండుటకు చాలసేపు నిరీక్షింపవలసివచ్చును. శ్రమ పెరుగకయే నీటి వెల పెరిగినచో, అది నీటి కరవు కాదు. గట్టున కాపున్నవాని నిర్ణయము. చమురు విషయమున అడెల్మన్ చెప్పిన దిదియే. భూమిలో ఎంత చమురున్నదో ఎవరును కొలిచి చెప్పజాలరు. కాని ఒక పీపాను తీయుటకగు ఖర్చు క్రమక్రమముగా పెరుగుచున్నదా లేదా యని లెక్కింపవచ్చును. ఖర్చు పెరుగక వెల మాత్రమే పెరిగినచో, దానికి కారణము భూమి పిసినారితనము కాదు. అమ్మువారందరు కూడి సరకును బిగబట్టుటయే కారణము.

‘నిక్షేపములు’ అను మాటను జనులు పొరపాటుగా అర్థము చేసికొనుచున్నారని కూడ ఆయన హెచ్చరించెను. ఒక దేశమునకు ఇన్ని కోట్ల పీపాల నిక్షేపములు కలవని పత్రికలలో చదివినప్పుడు, ఆ దేశపు భూమిలో ఉన్నది అంతియేయని తలతుము. కాని ఆ సంఖ్య అంగడి గిడ్డంగిలోని సరకువంటిది. నేటి పరిజ్ఞానముతో, నేటి ధరకు గిట్టుబాటుగా తీయగలదని తెలిసిన భాగమును మాత్రమే అది చెప్పును. అంగడివాడు ప్రతిదినము సరకు అమ్ముచు, ప్రతిదినము క్రొత్త సరకు తెచ్చి నింపుచుండును. గిడ్డంగిలో నెలకు సరిపడు బియ్యము మాత్రమే యున్నదని చెప్పి, నెల తరువాత లోకమున బియ్యమే యుండదని ఎవడైన అన్నచో నవ్వుదుము గదా!

ఇందుకు ఆయన తరచుగా చూపిన దృష్టాంతము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందలి కెర్న్ నది చమురుక్షేత్రము. అది 1899లో కనుగొనబడెను. నలువదిమూడు సంవత్సరములు చమురు తీసిన తరువాత, 1942లో దానియందు ఇంకను 5 కోట్ల 40 లక్షల పీపాలు మాత్రమే మిగిలియున్నవని లెక్కకట్టిరి. కాని ఆ తరువాతి నలువదిమూడు సంవత్సరములలో ఆ క్షేత్రమునుండి 73 కోట్ల 60 లక్షల పీపాల చమురు వచ్చెను! అంతటితో నిలువక, ఇంకను 97 కోట్ల పీపాలు మిగిలియున్నట్లు తేలెను. ఇది ఇంద్రజాలము కాదు. ఆ చమురు చిక్కనైనది. రాతిలో అంటుకొనిపోయి పైకి రాదు. తరువాతి కాలమున ఇంజనీరులు వేడి ఆవిరిని భూమిలోనికి పంపి, దానిని పలుచన చేసి, పైకి తీయు ఉపాయమును వ్యాప్తిలోనికి తెచ్చిరి. చమురు ఎప్పటినుండియో అచ్చటనే యున్నది. దానిని తీయు తెలివి మాత్రమే క్రొత్తగా వచ్చినది.

అయితే ఈ విషయమున పండితులందరు ఏకాభిప్రాయులు కారు. హబ్బర్ట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1956లోనే, అమెరికా చమురు ఉత్పత్తి 1970 ప్రాంతమున శిఖరము చేరి, ఆపై దిగజారునని లెక్కించి చెప్పెను. 1970 తరువాత ఆ దేశపు ఉత్పత్తి నిజముగనే తగ్గసాగెను. అందుచే హబ్బర్ట్ మాటనే చాలమంది విశ్వసించిరి. ఆయన చెప్పినది దాదాపు నలువది సంవత్సరముల కాలము సరియనియే కనబడెను. కాని పలకరాళ్లను చీల్చి చమురు తీయు క్రొత్తపద్ధతి వ్యాపించుటతో, 2018లో అమెరికా 1970 నాటి తన శిఖరమును దాటిపోయెను. ప్రకృతి నిర్ణయించు హద్దును ఒకరు చూచిరి. మానవుని నేర్పు ఆ హద్దును జరుపుటను మరియొకరు చూచిరి. రెండును ఆలోచింపదగినవే.

ఇక రెండవ ప్రశ్న. 1973వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ఈజిప్టు, సిరియా దేశములకును ఇజ్రాయెలునకును యుద్ధము ప్రారంభమయ్యెను. అదే నెల 16వ తేదీన సింధుశాఖ తీరమందలి దేశములు చమురుధరను ఒక్కమారుగా పెంచివేసెను. మరునాడు అరబ్బుదేశములు చమురు ఉత్పత్తిని నెలనెలకు తగ్గింతుమని నిర్ణయించెను. ఇజ్రాయెలునకు సహాయపడుచున్నవన్న కారణమున అమెరికాకును హాలండునకును తమ చమురు చేరరాదని శాసించెను. యుద్ధమునకు పూర్వము మూడు డాలర్లుగా ప్రకటింపబడిన పీపా ధర, 1974 జనవరి నాటికి 11 డాలర్ల 65 సెంట్లయ్యెను. మూడునెలలలో వెల దాదాపు నాలుగురెట్లు పెరిగినదన్నమాట.

అమెరికాలో పెట్రోలు పంపులముందు మైళ్లకొలది కార్లు బారులుతీరెను. కొన్ని రాష్ట్రములలో బండిసంఖ్య సరిసంఖ్యయైన ఒక దినమునను, బేసిసంఖ్యయైన మరియొక దినమునను పెట్రోలు పోయవలెనను నియమము పెట్టిరి. ‘శత్రువులు చమురు నాపివేసిరి, అందువలననే ఈ దుర్గతి’ అని జనులు విశ్వసించిరి. కాని అడెల్మన్ ఈ విశ్వాసమును అంగీకరింపలేదు. ఆయన ప్రపంచపు చమురు విపణినంతటిని ఒకే మహాజలాశయముతో పోల్చెను.

మన చెరువునే దృష్టాంతముగా తీసికొని ఈ మాటను పరిశీలింతము. ఒక పెద్ద చెరువులోనికి పది వాగులు వచ్చి చేరుచున్నవి. చెరువునుండి ఇరువది తూములద్వారా ఇరువది మడులకు నీరు పారుచున్నది. ఒక వాగుగట్టున నున్నవాడు కోపించి, ‘నా వాగునీరు ఫలానావాని మడికి పారరాదు’ అని శపథము చేసినాడనుకొందము. అది జరుగునా? చెరువులో కలసిన తరువాత ఏ నీరు ఏ వాగుదో ఎవరు వేరుచేయగలరు? వాగునీటిని వాడు కొంత తగ్గింపగలడు. అప్పుడు చెరువుమట్టము తగ్గును. ఆ నష్టము మిత్రుడు, శత్రువు అను భేదము లేక అందరి మడులకు సమానముగా కలుగును. 1973లో సరిగా ఇట్లే జరిగెను. హాలండునకు అరబ్బుల చమురు రాకపోగా, వర్తకులు ఇరాను, నైజీరియా మొదలగు దేశముల చమురును అటు మళ్లించి, అరబ్బుల చమురును ఇతరదేశములకు పంపిరి. నిషేధింపబడిన దేశములకు కలిగిన లోటు, నిషేధింపబడని దేశములకు కలిగిన లోటుకంటె అంతగా భిన్నము కాకపోయెను.

అట్లయిన అమెరికాలో ఆ బారులేల? దీనికి రెండు కారణములు కలవు. ప్రభుత్వము 1971 నుండి ధరలకు హద్దు విధించి, తరువాత చమురును పాతలెక్కల ననుసరించి పంచిపెట్టసాగెను. అందుచే అవసరమున్న పట్టణములకు తక్కువయు, అవసరము లేని తావులకు ఎక్కువయు చేరెను. ఇక రెండవది జనుల భయము. సగము నిండిన బండినే తిరిగి నింపుటకు ప్రతివాడును బారులో నిలిచెను. ఉప్పు దొరకదని ఊరిలో ఒక వదంతి పుట్టి, ప్రతియింటివారును నాలుగునెలలకు సరిపడు ఉప్పు కొనిపెట్టుకొన్నచో, ఆ సాయంకాలమునకే అంగడి ఖాళీయగును. వదంతి అబద్ధమైనను దాని ఫలము నిజమగును. లేని కొరతను ఉన్నదని నమ్మినచో, ఆ నమ్మిక చేయు నష్టము నిజమైన కొరత చేయు నష్టమునకు తీసిపోదని అడెల్మన్ పలుమారులు బోధించెను. 1979లో ఇరాను దేశమున విప్లవము వచ్చినప్పుడు కూడ ఇదియే జరిగెను. తగ్గిన చమురుకంటె, భయముచేత దేశములును సంస్థలును ఎగబడి కొని దాచుకొన్న చమురే ధరను ముప్పది డాలర్లకు పైగా ఎక్కించెను.

ఈ తప్పుడుభావముల భారమును ఎక్కువగా మోసినది ధనికదేశములు కావు. మనవంటి దేశములు కష్టపడి సంపాదించిన విదేశద్రవ్యమును చమురునకు ధారపోయవలసివచ్చెను. చమురుతోపాటు ఎరువుల ధరలు కూడ పెరిగెను. ఎవరి యుద్ధములోను పాల్గొనని రైతు కూడ తన పొలమున ఆ యుద్ధపు సుంకమును చెల్లించెను. చెరువుమట్టము తగ్గినప్పుడు చివరిమడి రైతే ముందుగా ఎండునుగదా!

మూడవ ప్రశ్న యేమనగా, ముందుజాగ్రత్త యెట్లు? ఏదో ఒక దేశముతో స్నేహము చేసికొని, ‘మాకు మాత్రము చమురు తప్పక ఇయ్యవలెను’ అని ఒడంబడికలు వ్రాసికొన్నచో క్షేమమని ఆనాటి రాజకీయజ్ఞులు పలువురు తలచిరి. చెరువు ఒక్కటేయైనప్పుడు, ఒక వాగుతో స్నేహమువలన ప్రయోజనము లేదని అడెల్మన్ సమాధానము. ఆయన దృష్టిలో సరియైన మార్గము, చవుకగా ఉన్నప్పుడు కొని నిలువచేసికొని, ఆపత్కాలమున దానిని విడుదలచేయుట. పంటకాలమున గాదె నింపుకొని కరవుకాలమున విప్పు గృహస్థుని ధర్మమే ఇది. అయితే కరవు వచ్చిన తరువాత గాదె నింపబూనుట అవివేకము. అది కరవును పెంచును. నింపిన గాదెను భయముచే విప్పకుండుటయు అవివేకమే.

అమెరికా ప్రభుత్వము 1975లో చట్టము చేసి, 1977 నుండి మెక్సికో సింధుశాఖ తీరమునందలి లూసియానా, టెక్సాసు రాష్ట్రములలో భూగర్భమునందలి ఉప్పుదిబ్బలను తొలిచి, ఆ గుహలలో చమురును నిలువచేయసాగెను. 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధనసంస్థ కూడ తన సభ్యదేశములు తొంబది దినముల దిగుమతికి సమానమైన చమురును నిలువయుంచవలెనని నియమము పెట్టెను. 1990 ఆగస్టులో ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు చమురుధర మిక్కిలి పెరిగెను. 1991 జనవరిలో యుద్ధము ప్రారంభమైన వెంటనే అమెరికా తన గుహలలోని చమురును విడుదల చేయుదునని ప్రకటించెను. సౌదీ బావులకు ముప్పు లేదనియు స్పష్టమయ్యెను. ఒక్కదినములోనే ధర మూడవవంతు పడిపోయెను. గాదె ఉన్నదను ధైర్యము గాదెలోని ధాన్యమంత విలువైనదని ఈ సంఘటన తెలిపెను.

అడెల్మన్ చెప్పిన ఉపాయములన్నియు ఆచరణలోనికి రాలేదు. అమెరికాకు చమురు నమ్మదలచినవారు దిగుమతి హక్కుపత్రములను రహస్యపు వేలముద్వారా కొనవలెనని ఆయన సూచించెను. పేరు బయటపడకున్నచో అమ్మువారిలో కొందరు సంఘనియమమును రహస్యముగా మీరుదురనియు, ఆ విధముగా కట్టు సడలుననియు ఆయన తలంపు. ప్రభుత్వము దానిని చేపట్టలేదు. ఆయన అంచనాలన్నియు సకాలమున ఫలించెననియు చెప్పరాదు. అమ్మువారి కట్టు నిలువదని ఆయన చెప్పుచునే యుండెను. కాని ధరలు దాదాపు పదిసంవత్సరములు పెరుగుచునే పోయెను. అలాస్కా, మెక్సికో, ఉత్తరసముద్రము మొదలగు చోట్ల క్రొత్త బావులు పుట్టి, జనులు చమురు వాడకమును తగ్గించుకొన్న తరువాత మాత్రమే, 1986లో పీపాధర పదిడాలర్ల సమీపమునకు కూలెను. లెక్క సరియైనను, అది ఫలించు దినమును చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు.

మరియొక విషయమును కూడ మరువరాదు. చమురు అంతరించునా అను ప్రశ్న వేరు; చమురు కాల్చుటవలన భూమి వేడెక్కునా అను ప్రశ్న వేరు. అడెల్మన్ జీవితమంతయు శోధించినది మొదటి ప్రశ్ననే. చమురు సమృద్ధిగా ఉన్నదన్న మాటకు దానిని విచ్చలవిడిగా తగులబెట్టవచ్చునని అర్థము కాదు. చమురు పొగ వాయుమండలమున చేరి వాతావరణమును మార్చుచున్నదని శాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. కావున నేటి తరము సూర్యరశ్మి, గాలి మొదలగు ఇతర శక్తిమార్గములను వెదకుచున్నది.

ఆయన బోధించిన నిలువసూత్రమునకు సాక్ష్యము తెలుగునాటనే కలదు. 1957 నుండి చమురుశుద్ధి కర్మాగారము గల విశాఖపట్టణమున, నేలక్రింద కఠినశిలను తొలిచి విశాలమైన గుహలను నిర్మించిరి. 2015లో అవి సిద్ధమయ్యెను. వానిలో 13 లక్షల 30 వేల టన్నుల ముడిచమురు పట్టును. గుహగోడలకు ఇనుపరేకులు లేవు. చుట్టునున్న రాతిపగుళ్లలోని నీటి ఒత్తిడియే చమురు బయటికి పోకుండ కాపాడును. తరువాతి యేండ్లలో కర్ణాటక రాష్ట్రమునందలి మంగుళూరు, పాదూరుల వద్దను ఇట్టి గుహలే ఏర్పడెను. మూడుచోట్లను కలిపి 53 లక్షల 30 వేల టన్నులు పట్టును. ఇది దేశమునకు సుమారు తొమ్మిదిన్నర దినముల అవసరమునకు సరిపోవునని ఆనాటి వాడకమునుబట్టి ప్రభుత్వము లెక్కించెను. 2020 ఏప్రిల్, మే నెలలలో మహమ్మారి కారణమున లోకమున రాకపోకలు స్తంభించి, చమురుధర అడుగంటెను. ఆ సమయమున మన ప్రభుత్వము పీపా సగటున 19 డాలర్లకు కొని ఈ గుహలను నింపెను. దానివలన అయిదువేల కోట్ల రూపాయలు ఆదాయయ్యెనని ప్రకటించెను. లోకమంతయు వలదన్ననాడు కొనుట, లోకమంతయు కావలెనన్ననాడు విప్పుట — గాదె నీతి యిదియే.

అడెల్మన్ సైన్యములను నడపలేదు. ఒక్క చమురుబావినైన త్రవ్వలేదు. ఆయన చేసినదెల్ల, అందరును భయపడుచున్నవేళ కూర్చుండి లెక్కవేయుట. ‘తరిగిపోయినది’ అని లోకము గగ్గోలు పెట్టినప్పుడు, ‘ఒక పీపా తీయుటకు ఖర్చు ఎంత?’ అని అడుగుట. ‘ఫలానావాడు ఆపివేసినాడు’ అని వినబడినప్పుడు, ‘చెరువు ఎన్ని?’ అని విచారించుట. ఈ ప్రశ్నలు చమురునకే పరిమితమైనవి కావు. అంగడిలో సరకు దొరకదను వదంతి పుట్టినను, ఊరికి ఆపద వచ్చుచున్నదని ఎవడో కేకవేసినను, ముందుగా అడుగవలసిన ప్రశ్నలు ఇట్టివే. భయముతో పరుగెత్తువాడు బారులో నిలుచును. లెక్క చూచువాడు గాదె నింపుకొని స్థిమితముగా నుండును.